కూత

అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి
పొలం పొలం తిరిగినోణ్ణి నేను.
అది లేచి నిలబడ్డ చోట
బొటనవేలితో గీత గీస్తే
తెల్లారేసరికి రిగ్గు లారీ దిగేది.

మాలకొండయ్య చేలో నేను గీసినవి పదకొండు గీతలు.
ఇప్పటికీ అక్కడ
పదకొండు బూడిదరంగు కుప్పలు, గడ్డి కూడా మొలవని రాతిపొడి.
ఆఖరిది ఎనిమిదొందల అడుగులు పోయింది.
దుమ్ము లేచి కనిగిరి రోడ్డు దాకా కమ్మింది.
ఆయన భార్య నాగులమ్మ
బోసిమెడ తడుముకుంటా
నా వంక చూడలేదు.
తిట్టినా బాగుండేది.

లోతుకు పోయేకొద్దీ
నీళ్ళు పిల్లకాయల పళ్ళ మీద
గార రాసినయ్.

ఇప్పుడు నా చేతిలో టేపు చుట్టిన చక్రం ఉంది,
దాని కొసకు రేగ్గాయంత ఇనపగుండు.
ఒకటో తారీఖు, పదహారో తారీఖు
తొమ్మిది బోర్లలోకి దించుతాను.
నీళ్ళు తగిలితే కూస్తది,
గూట్లో పిచికపిల్ల కూసినట్టు.

మొదటిసారి విన్నప్పుడు సిగ్గేసింది.
ముప్పై ఏళ్ళు భూమి తరఫున మాట్లాడినోణ్ణి,
ఒక్కసారీ దాన్ని అడగలేదే అని.

నేను అడుగులు చెబుతాను,
కాశింబీ తన ఇంటి గోడ మీద నీలిరంగుతో రాస్తది.
ఏడో తరగతితో బడి మానిన మనిషి,
సున్నాలు మాత్రం గాజుల్లా గుండ్రంగా చుడతది.

వాయుగుండం వానలు వెలిసినాక
బడి వరండాలో కూచున్నాం, ఆడా మగా.
కాశింబీ చింతగింజలు పోసింది.
వాన మనకిచ్చింది ఈ కుప్ప, నలభై మూడు.
మీరు వేస్తామన్న పంటలు తాగేది ఈ కుప్ప, డెబ్బై ఒకటి.
ఎవరు ఎన్ని తీస్తారో తీయండి.

ఎవరి చెయ్యీ లేవలేదు.
పైకప్పు మీద ఉడత పరిగెత్తిన చప్పుడు వినబడింది.

తిరుపాలు వరి ఒక్కటే పద్నాలుగు గింజలు.
"నా బోరు, నా మోటరు, నా ఇష్టం" అని
తువ్వాలు దులుపుకొని పోయినాడు.
పోతా పోతా కాలికి తగిలి
రెండు కుప్పలూ కలిసిపొయినయ్.

అప్పుడు మాలకొండయ్య అడిగినాడు:
"నేను తోడే చుక్కే లేదు గదా,
నన్ను ఏ గింజ తీయమంటారు?"

ఆ ప్రశ్నకు
ఇంకా మా గోడ మీద అంకె లేదు.

నాలుగో రోజు పొద్దున్నే తిరుపాలు
కాశింబీ గడపలో నిలబడి
ఎటో చూస్తా అన్నాడు:
"ఎకరం కొర్ర వేస్తా. అరెకరం వరి మాత్రం ఉంటది.
మా యమ్మకు కొర్రన్నం అరగదు."
అంతకన్నా దిగలేదు.
ఇంకో రెండు నెలలకు, ఎవరు ఒప్పించారో తెలీదు,
అతని బోరు నుంచి మాలకొండయ్య బత్తాయిలకు
నల్ల పైపు ఒకటి పాకింది,
నలభై చెట్లు, ఎండాకాలం నాలుగు తడులు.
బదులుగా ఊళ్ళో ఎవరూ కొత్త బోరు వేయకూడదు.
కాగితం మీద అందరూ వేలిముద్రలు పెట్టారు.
గీతలు గీసిన బొటనవేలు నాది,
కాళ్ళది కాదు, చేతిది పెట్టమని నవ్వారు.

నిన్న పదహారు.
పోయినేడు ఇదే రోజుకు నూట అరవై అడుగులు.
నిన్న నూట యాభై ఎనిమిదిన్నర.
మోకాలి లోతు కూడా లేదు ఆ తేడా.
కాశింబీ అరను పెద్దదిగా రాసింది.

చక్రం చుట్టుకొని వస్తంటే
నాగులమ్మ గట్టు మీద ఆపింది.
"మా దాంట్లో కూడా దించు."
అది లెక్కలో లేని బోరు. అయినా దించినాను.
వంద. రెండొందలు. మూడొందలు.
టేపు అయిపోయింది. గుండు ఊగుతా ఉంది.
ఇద్దరం చెవులు రిక్కించాం.

ఈసారి నా మొహంలోకి సూటిగా చూసింది.
"రాయించు," అంది.
"కూత రాలేదని
గోడ మీద అది కూడా రాయించు."